ధ్వని మార్గం – దోష పరిశీలన

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి నేలలలో మాఘ, ఫాల్గుణ మాసాలు మిరప కోతల కాలం. చేలలో కోసిన కాయను రైతులు కల్లాలలో పరచి ఎండబెడతారు. దూరం నుంచి చూసేవారికి ఊరి వెలుపల ఎర్రని తివాచీలు పరచినట్లు కనిపిస్తుంది. ఆ ఎరుపు వెనుక ఒక కుటుంబం ఏడాది శ్రమ, అప్పు, ఆశ దాగి ఉంటాయి. అకాల వర్షం ఒక్క జల్లు కురిసినా కాయ రంగు చెడుతుంది, బూజు పడుతుంది, గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోతుంది. అందువల్ల ఆ రోజులలో రైతు చెవి వాతావరణ సమాచారం మీదనే ఉంటుంది. సాయంకాలం వార్తలలో వాన సూచన వినిపిస్తే, చీకటి పడకముందే కాయను కుప్ప చేసి పట్టలు కప్పుకోవచ్చు. సరిగ్గా ఆ సమయానికే రేడియో మూగబోతే, లేదా టీవీలో బొమ్మ కనిపిస్తూ మాట వినిపించకపోతే, ఆ నిశ్శబ్దం విలువ రూపాయలలో తేలుతుంది.

ఈ ప్రాంతానికి యంత్రధ్వని కొత్తది కాదు. 1938 జూన్ 16న మద్రాసులో, 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రాలు ప్రారంభమయ్యాయి. పంచాయతీ రేడియో చుట్టూ ఊరంతా చేరి విన్న రోజులు గడిచి, ట్రాన్సిస్టరు రైతు భుజాన పొలానికి వెళ్లిన రోజులు వచ్చాయి. మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుద్దీపాల ప్రభలతోపాటు మైకుసెట్లూ మోగుతాయి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినా, ఈ మైదానంలోని ఇళ్లన్నింటా నేడు కనిపించే పరికరాలు ఒకటే: టీవీ, సెట్‌టాప్ బాక్సు, సెల్‌ఫోను, స్పీకర్లు, విద్యార్థుల చెవులలో ఇయర్‌ఫోన్లు. ఇవి మూగబోయినప్పుడు తల మీద ఒకటి మొట్టి చూడడం, అప్పటికీ పలకకపోతే కొత్తది కొనడం చాలామందికి అలవాటు. కాని క్రమపద్ధతిలో పరిశీలిస్తే, ఇటువంటి దోషాలలో చాలా వాటిని ఖర్చు లేకుండా ఇంటిలోనే గుర్తించవచ్చు.

ముందుగా ధ్వని ఎలా పుడుతుందో తెలుసుకోవాలి. శబ్దం ఆకాశానికి గుణమని, చెవి చేత గ్రహింపబడేదని మన తార్కికులు నిర్వచించారు. గాలి వంటి పదార్థంలో కలిగే కంపనమే ధ్వని అని ఆధునిక విజ్ఞానం వివరించింది. స్పీకరు చేసే పని గాలిని కంపింపజేయడమే. దానిలో ఒక అయస్కాంతం, దాని మధ్య కదలగలిగే సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన గరాటు ఆకారపు కాగితపు పొర ఉంటాయి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అది కూడా అయస్కాంతంగా మారి ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానితోపాటు పొర కదిలి గాలిని నెడుతుంది. పాటలోని హెచ్చుతగ్గులు విద్యుత్తులో హెచ్చుతగ్గులుగా వచ్చి, తిరిగి గాలిలో హెచ్చుతగ్గులుగా మారతాయి. ఈ తరహా స్పీకరుకు నేటి రూపం ఇచ్చినవారు అమెరికాకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. వారు తమ నిర్మాణాన్ని 1925లో ప్రకటించారు. హెడ్‌ఫోను అంతకంటె పాతది. 1910లో నథానియల్ బాల్డ్విన్ తన ఇంటి వంటగదిలో తయారు చేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళం కొనుగోలు చేసింది. నేటి హెడ్‌ఫోను చాలావరకు చెవికి సరిపడేంత చిన్న స్పీకరు మాత్రమే.

ధ్వని మన చెవిని చేరడానికి ఒక మార్గం ఉంది. మొదట ధ్వనికి మూలమైన ప్రసారం లేదా పాట, తరువాత దానిని విద్యుత్తుగా మార్చి బలపరచే పరికరం, తరువాత ప్లగ్గు, తీగ, తరువాత స్పీకరు, తరువాత గాలి, చిట్టచివర చెవి. పొలానికి నీరు రాకపోతే రైతు కాలువ గట్టు వెంట నడిచి ఎక్కడ గండి పడిందో, ఎక్కడ పూడిక చేరిందో చూస్తాడు. తూము దగ్గర నీరు ఉండి చేను దగ్గర లేకపోతే లోపం నడుమనే ఉంటుంది. ధ్వని విషయంలోనూ అంతే. మార్గంలో ఏ మజిలీ వరకు ధ్వని వచ్చిందో, ఎక్కడ ఆగిందో తెలుసుకోవడమే దోష పరిశీలన.

దీనికి మన తర్కశాస్త్రంలో చక్కని సాధనం ఉంది. అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం తర్కవిద్యార్థులకు తొలి పాఠ్యగ్రంథం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడానికి వంటిల్లు, నిప్పు లేనిచోట పొగ ఉండదనడానికి మడుగు అందులో ఉదాహరణలు. మొదటిది అన్వయం, రెండవది వ్యతిరేకం. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం, అది లేనప్పుడు ఇది లేకపోవడం రెండూ నిశ్చయమైతే వాటి సంబంధం స్థిరపడుతుంది. ధ్వని దోషాన్ని వెదకేటప్పుడు కూడా ఒక్క భాగాన్ని మాత్రమే మార్చి చూడాలి. ఆ భాగంతోపాటు దోషం తొలగితే దోషం అందులోనే ఉన్నట్లు. తిరిగి దానిని అమర్చగానే దోషం మరల కనిపిస్తే సందేహం తీరినట్లు. ఒకేసారి తీగ, ప్లగ్గు, అమరికలు అన్నీ మార్చేస్తే ధ్వని వచ్చినా కారణం తెలియదు; కారణం తెలియని బాగు ఎంతోకాలం నిలవదు.

పరిశీలన ఎప్పుడూ తేలికైన వాటితో ప్రారంభం కావాలి. రిమోటుపై శబ్దాన్ని ఆపే మీట పొరపాటున నొక్కబడిందేమో చూడాలి. టీవీకి ఒక శబ్దస్థాయి, సెట్‌టాప్ బాక్సుకు వేరొక శబ్దస్థాయి ఉంటాయి. వీటిలో ఏది తగ్గినా మాట వినిపించదు. చానలు మార్చి చూడాలి. ఒక్క చానలులోనే ధ్వని లేకపోతే లోపం ప్రసారంలో ఉన్నది కాని ఇంటిలో లేదు. సెల్‌ఫోను, కంప్యూటరు, నేటి టీవీలు ధ్వనిని ఏ స్పీకరుకు పంపాలో తామే ఎంచుకుంటాయి. బ్లూటూత్ ద్వారా పక్క గదిలోని స్పీకరుతో ముడిపడిన ఫోను తన పాటను ఆ గదిలోనే వినిపిస్తుంది. చేతిలోని ఫోను మాత్రం మూగగా ఉంటుంది. అప్పుడు బ్లూటూత్‌ను ఆపి చూస్తే నిజం తెలిసిపోతుంది. పదవ శతాబ్దిలో డెన్మార్కును పాలించిన హెరాల్డ్ అనే రాజు మారుపేరే ఈ బ్లూటూత్. విడివిడిగా ఉన్నవారిని కలిపినవాడు గనుక, వేర్వేరు పరికరాలను కలిపే విధానానికి ఆయన పేరు పెట్టారు.

మరికొన్ని ఇళ్లలో విచిత్రమైన ఫిర్యాదు వినిపిస్తుంది: సినిమాలో సంగీతం హోరున వస్తుంది, పాత్రల మాటలు మాత్రం గొణుగుతున్నట్లు ఉంటాయి. ఇది చాలా సందర్భాలలో స్పీకరు దోషం కాదు. నేటి చిత్రాల ధ్వనిని అనేక స్పీకర్లకు పంచి రూపొందిస్తారు. అందులో సంభాషణలు నట్టనడుమ ఉండే స్పీకరుకు చేరుతాయి. ఇంటిలో ఉన్నవి రెండే స్పీకర్లయినప్పుడు ఆ నడిమి భాగం సరిగా కలవకపోతే మాటలు పలచబడతాయి. టీవీ, సెట్‌టాప్ బాక్సు అమరికలలో ధ్వని విధానాన్ని ‘స్టీరియో’ లేదా ‘పీసీఎం’ అని మార్చితే మాటలు తేటపడే అవకాశం ఉంటుంది.

అమరికలు సరిగా ఉన్నప్పుడు ప్లగ్గును పరిశీలించాలి. ధ్వని మార్గంలో తరచుగా చెడేవి అతుకులే. సాధారణమైన హెడ్‌ఫోను ప్లగ్గు మందం 3.5 మిల్లీమీటర్లు. దాని మీద నల్లని వలయాలు కొన్ని కనిపిస్తాయి. అవి లోహపు భాగాలను ఒకదాని నుంచి ఒకటి వేరు చేస్తాయి. ఒక భాగం ఎడమ చెవికి, మరొకటి కుడి చెవికి, వేరొకటి రెండింటికీ ఉమ్మడి మార్గానికి పనికివస్తాయి. మాట్లాడే వీలున్న ఇయర్‌ఫోనుకైతే మైకు కోసం నాలుగవ భాగం ఉంటుంది. ప్లగ్గు సగమే దిగినా, ఉమ్మడి మార్గం తెగినా ఒక చిత్రం జరుగుతుంది: పాటలో వాద్యాలు వినిపిస్తాయి, గాయకుని కంఠం మాత్రం మాయమవుతుంది. గాయకుని స్వరాన్ని రెండు వైపులా సమానంగా నమోదు చేస్తారు. ఉమ్మడి మార్గం లేనప్పుడు రెండు వైపులకూ గల భేదం మాత్రమే వినిపిస్తుంది, సమానమైనది కొట్టివేయబడుతుంది. కాబట్టి కంఠం మాయమైతే పాటను గాని ఫోనును గాని నిందించక ప్లగ్గును లోపలికి నెట్టి చూడాలి.

ఈ మైదానంలో ప్లగ్గు రంధ్రాలకు ప్రత్యేకమైన శత్రువులు ఉన్నాయి. పత్తి తీసే రోజులలో దూది నూగు గాలిలో తేలుతుంది. మిరప కల్లాలలో కారపు దుమ్ము లేస్తుంది. చీరాల, బాపట్ల వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి లోహాన్ని మసకబారుస్తుంది. జేబులో ఉన్న ఫోను రంధ్రంలో నూగు చేరి గట్టిపడితే ప్లగ్గు పూర్తిగా దిగదు. ఒక్కొక్కప్పుడు ఇయర్‌ఫోను తీసివేసినా ఫోను అది ఉన్నట్లే భావించి తన స్పీకరును మూసివేస్తుంది. తెరమీద హెడ్‌ఫోను గుర్తు అలాగే నిలిచి ఉండడం దీనికి సాక్ష్యం. అటువంటప్పుడు పరికరాన్ని ఆపివేసి, పొడి కర్రపుల్లతో నూగును మెల్లగా వెలికి తీయాలి. పిన్నీసు, సూది వంటి లోహపు వస్తువులు వాడకూడదు. నోటితో ఊదితే తేమ చేరుతుంది. ఇయర్‌ఫోను జాలీలో గుమిలి, దుమ్ము కలిసి పేరుకొన్నా ధ్వని సన్నగిల్లుతుంది; దానిని మెత్తని పొడి కుంచెతో, జాలీ నేల వైపు ఉండేటట్లు పట్టుకొని తుడవాలి.

ప్లగ్గు శుభ్రంగా ఉన్నా ధ్వని వస్తూ పోతూ ఉంటే తీగలో తెగు ఉండవచ్చు. తీగ ఎక్కువగా వంగే చోటే తెగుతుంది. ప్లగ్గు మెడ దగ్గర, చెవిభాగం దగ్గర, రెండుగా చీలేచోట దానిని మెల్లగా కదిపి చూడాలి. కదిపినప్పుడు గరగర శబ్దంతో మాట తెగి వస్తే దోషస్థానం దొరికినట్లే. ప్లగ్గును తీసేటప్పుడు తీగ పట్టి లాగడమే ఈ దోషానికి ముఖ్యకారణం.

ఇక రెండు స్పీకర్లున్న ఇంటిలో ఎడమది మూగబోయిందని అనుకుందాం. లోపం స్పీకరుదా, పరికరానిదా? ఇక్కడ అన్వయ వ్యతిరేకాలు స్పష్టంగా పనిచేస్తాయి. ముందు విద్యుత్తు ఆపి, పరికరం వెనుక రెండు స్పీకర్ల తీగలను తారుమారు చేయాలి. తిరిగి మోగించినప్పుడు ఎడమ స్పీకరు పలికి, కుడిది మూగబోతే దోషం పరికరంలో ఉంది. ఎడమ స్పీకరు ఇంకా మౌనంగానే ఉంటే దోషం ఆ స్పీకరులో గాని దాని తీగలో గాని ఉంది. అప్పుడు తీగను మాత్రమే మార్చి చూస్తే మిగిలిన సందేహమూ తీరుతుంది. పరికరం నుంచి పూర్తిగా వేరు చేసిన స్పీకరు తీగలను 1.5 వోల్టుల చిన్న బ్యాటరీ కొనలకు క్షణకాలం తాకించినప్పుడు ‘టక్కు’మని శబ్దం వస్తే తీగచుట్ట తెగలేదని తెలుస్తుంది. చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోనుపై ఈ పరీక్ష చేయరాదు.

స్పీకరు పలుకుతున్నా నాదం చెడిపోవచ్చు. తక్కువ స్థాయిలో కూడా బరబరమంటే పొర చిరిగినట్లు, లేదా తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుంటున్నట్లు భావించాలి. ఎక్కువ స్థాయిలోనే బరబరమంటే శక్తికి మించి మోగిస్తున్నారని అర్థం. రెండు స్పీకర్లు పలుకుతున్నా తబలా, మృదంగాల గంభీరధ్వని లోపిస్తే ఎర్రని, నల్లని కొనలను పరిశీలించాలి. ఒక స్పీకరుకు ఎరుపు ఎరుపుతో, మరొకదానికి ఎరుపు నలుపుతో కలిస్తే, ఒకటి గాలిని ముందుకు నెట్టినప్పుడు రెండవది వెనుకకు లాగుతుంది. కాడికి కట్టిన ఎడ్లు చెరొక వైపు లాగితే బండి కదలనట్లు, రెండు కదలికలూ ఒకదానినొకటి మింగివేస్తాయి.

ఎడతెగని ‘గుయ్’మనే ధ్వని వేరొక జాతి దోషం. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఆవృత్తి చెందుతుంది. ఆ కంపనం ధ్వని మార్గంలోకి చొరబడితే ఈ రొద పుడుతుంది. టీవీ ఒక గోడ సాకెట్టుకు, స్పీకర్ల పరికరం దూరంగా ఉన్న మరొక సాకెట్టుకు కలిపినప్పుడు ఇది కలుగుతుంటుంది. రెండింటినీ ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డుకు కలిపితే సాధారణంగా తగ్గుతుంది. రొద పోవాలని ఎర్తు పిన్నును తీసివేయడం ప్రాణాపాయం. మీడియం వేవ్ రేడియోలో గరగర వస్తే ఇంటిలోని ఎల్‌ఈడీ దీపాలను, ఛార్జర్లను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. ఏది ఆపినప్పుడు గరగర తగ్గుతుందో అదే దోషి. రేడియోను అటూ ఇటూ తిప్పితే ఏదో ఒక దిక్కున ప్రసారం బాగా వినిపిస్తుంది. దాని లోపలి ఏరియల్‌కు దిక్కును బట్టి గ్రహణశక్తి మారుతుంది.

ఇంటి పరిశీలనకు ఒక హద్దు ఉంది. గోడ సాకెట్టులోని 230 వోల్టుల విద్యుత్తుతో పనిచేసే పరికరం మూత తెరవడం నేర్పు లేనివారి పని కాదు. విద్యుత్తు ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. మాడిన వాసన, పొగ, ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే వెంటనే ఆపి, పనితెలిసిన మెకానిక్కుకు అప్పగించాలి. అయితే ‘పనిచేయడం లేదు’ అని మాత్రమే చెప్పేవానికంటె, ‘తీగ మార్చి చూశాము, ఎడమ వైపు మాత్రమే లేదు’ అని చెప్పగలిగినవానికి మరమ్మతు త్వరగా, తక్కువ ఖర్చుతో జరుగుతుంది.

అన్ని మజిలీలూ చూసినా దోషం దొరకని సందర్భం ఒకటి మిగిలి ఉంటుంది. ఇంటిలోని తాతగారు టీవీ సరిగా వినిపించడం లేదంటారు. మిగిలినవారికి హోరెత్తిపోతూ ఉంటుంది. ‘శబ్దం వస్తోంది కాని మాట తెలియడం లేదు’ అన్నది ఆయన ఫిర్యాదు. వయసు పెరిగినకొద్దీ హెచ్చు శ్రుతిలోని ధ్వనులు ముందుగా తరిగిపోతాయి. స, శ వంటి హల్లులు ఆ శ్రుతిలోనివే. అందువల్ల మాట అంచులు అరిగిపోయినట్లు వినిపిస్తుంది. ఈ స్థితిలో కొత్త టీవీ కొన్నా ప్రయోజనం లేదు. ఒక చెవికి మాత్రమే ధ్వని తగ్గినట్లనిపిస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. హెడ్‌ఫోనును తిప్పి, ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి పెట్టుకోవాలి. లోపం హెడ్‌ఫోనుతోపాటు రెండవ చెవికి మారితే హెడ్‌ఫోనును గాని పరికరాన్ని గాని బాగుచేయించాలి. లోపం అదే చెవిలో నిలిచిపోతే చెవిని వైద్యునికి చూపాలి. స్పీకర్లకు చేసిన పరీక్షే ఇది. ఇప్పుడు ప్రశ్నింపబడుతున్నది మాత్రం మనిషి దేహం.

ఈ చివరి మజిలీని గురించి యువకులు ఎక్కువగా ఆలోచించాలి. లోపలి చెవిలో కొన్ని వేల సూక్ష్మ రోమకణాలు ధ్వనిని గ్రహించి మెదడుకు అందజేస్తాయి. అధికశబ్దం వాటిని నశింపజేస్తుంది. నశించిన కణాలు మనిషిలో తిరిగి మొలవవు. అరక్షితమైన శ్రవణపు అలవాట్ల వల్ల 110 కోట్ల మంది యువజనుల వినికిడి ప్రమాదంలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో హెచ్చరించింది. ఆ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెళ్లయితే 4 గంటలు మాత్రమే. పది డెసిబెళ్లు పెరిగితే కాలం పదవ వంతుకు కుదించుకుపోతున్నదన్నమాట. బస్సు రొదను జయించడానికి ఇయర్‌ఫోను స్థాయిని పెంచే విద్యార్థి తెలియకుండానే ఈ హద్దు దాటుతాడు. పాట విన్న తరువాత చెవిలో ‘గింయ్’మనే మోత మిగిలితే అది చెవి చేసే మొర. దానిని విని స్థాయి తగ్గించడం, మధ్యమధ్య చెవులకు విశ్రాంతి ఇవ్వడం అవసరం.

ప్లగ్గు పోతే ప్లగ్గు దొరుకుతుంది. తీగ తెగితే టంకం పెట్టి అతకవచ్చు. స్పీకరు పొర చిరిగితే కొత్త పొర వేయించవచ్చు. ధ్వని మార్గంలో మారుభాగం దొరకనిది చెవి ఒక్కటే. కల్లంలో కాయ తడవకుండా కాపాడే వార్తను రేడియో ఎంత స్పష్టంగా చెప్పినా, దానిని అందుకునే చెవి ఉండాలి. పరికరాన్ని ఓర్పుతో పరిశీలించడం ఎంత అవసరమో, చెవిని ముందుచూపుతో కాపాడుకోవడం అంతకంటె అవసరం.